మౌనము పూర్ణాంగీకారము

మౌనము అర్ధాంగీకారమని మన పెద్దలు చెప్పిరి. బహుశః అది పెండ్లిచూపుల సందర్భమున పుట్టిన మాట అయి ఉండవచ్చును. మన శాసనకర్తలు అంత పిసినారులు కారు. వారు అర్ధమును పూర్ణము చేసిరి. 1974 నాటి జలకాలుష్య నివారణ, నియంత్రణ చట్టమున 25వ సెక్షనునకు 7వ ఉపసెక్షను ఒకటి గలదు. వాగులోనో, బావిలోనో, మురుగుకాల్వలోనో, నేలమీదనో వ్యర్థజలమును విడువగోరు పరిశ్రమాధిపతి కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు పెట్టుకొనవలెననియు, మండలివారు దానిని నాలుగు మాసములలోగా ఔననక, కాదనక ఊరకుండిన యెడల, ఎట్టి షరతులును లేకయే అనుమతి ఇచ్చినట్లు భావింపవలెననియు అందలి తాత్పర్యము. ఎట్టి షరతులును లేకయే అన్నది నా అతిశయోక్తి కాదు, చట్టమునందే యున్నది. నాలుగు మాసములు మరీ దీర్ఘమని తోచెనేమో, తెలంగాణ రాష్ట్రము 2014లో టీఎస్ ఐపాస్ అను చట్టమును చేసి, మహాపరిశ్రమలకు 15 దినములు, తక్కినవానికి 30 దినములు గడువు విధించి, ఆ గడువు దాటినచో అనుమతులన్నియు వచ్చినట్లే యని అభయమొసగినది.

ఈ సౌకర్యమును నేను ఆక్షేపించుట లేదు. పరిశ్రమలు రావలెను, పిల్లలకు ఉద్యోగములు దొరకవలెను, దొరకిన ఉద్యోగములలో జీతములును రావలెను. అయితే నీటిని చెరుపదలచినవాని దరఖాస్తు ఏ మౌనమున పండుచున్నదో, చెడిన నీటిని బాగుచేయుటకు ధనసహాయము అర్థించువాని దరఖాస్తు సరిగా ఆ మౌనముననే క్రుళ్లుచున్నది. మొదటివానికి నిశ్శబ్దము వరము. రెండవవానికి అదే నిశ్శబ్దము సమాధి. ఇరువురిలో ఎవడు తక్కువ ఓపికతో పుట్టెనో కనిపెట్టియే చట్టము ఈ ఏర్పాటు చేసినదని ఊహింపవలసి యున్నది.

పటాన్‌చెరు ప్రాంతమున, నక్కవాగునకు దిగువనున్న ఒక గ్రామపు సర్పంచి యొకనాడు మా యింటికి దయచేసెను. ఊరి పేరు చెప్పను. చెప్పినచో ఆ ఊరి నీటిపరీక్షా ఫలితములు రాత్రికి రాత్రి మెరుగుపడిపోవచ్చును.

“సార్, మా బోర్ల నీళ్లు పచ్చగ వస్తున్నయ్, నురుగు గూడ వస్తది. నీళ్లు సాఫ్ చేయనీకి సర్కారు గ్రాంటు అడుగుదామనుకుంటున్నం. మీరు పేపర్ల రాస్తరు గద, జర దరఖాస్తు రాసిపెట్టున్రి” అని ఆయన అడిగెను.

పత్రికలలో వ్రాయుటకును దరఖాస్తు వ్రాయుటకును గల భేదము ఆయన కెరుకలేదు. పత్రికలో వ్రాసినది ఒక్కదినమైనను ఎవరో యొకరు చదువుదురు. అయినను కాదనలేక కూర్చుంటిని.

దరఖాస్తు ఎవరికి సంబోధింపవలెనన్నది తొలి చిక్కు. పాతాళగంగకు మన పరిపాలనలో యజమానులు పెక్కుమంది గలరు గాని, ఆ గంగ చెడిన దినమున ఒక్కరును ఇంటనుండరు. భూగర్భజలములను చూచువారు తమ పని లోతు కొలుచుట యనియు, నీరు ఎన్ని మీటర్ల క్రింద నున్నదో చెప్పగలమే గాని ఎట్లున్నదో చెప్పుట తమ పరిధి కాదనియు సెలవిత్తురు. కాలుష్యమును చూచువారు అది ఏ గొట్టమునుండి వెలువడెనో చూపుడందురు. భూమిలో గొట్టము కనబడదు. త్రాగునీటి శాఖవారు 2016లో మిషన్ భగీరథ ప్రారంభమైనది గదా, ఇంటింటికి నల్లా వచ్చినది గదా, ఇక బోరునీటితో మీకేమి పని యని ఆశ్చర్యపడుదురు. సర్పంచి ఈ చివరిదానికి “బర్రెలకు నల్లా కనెక్షన్ ఇస్తరా సార్?” అని మారుప్రశ్న వేసి వచ్చెనట. ఆ ప్రశ్న పశుసంవర్ధక శాఖకు బదిలీ అయినది.

నల్లగొండవారు ఈ విషయమున కొంత అదృష్టవంతులు. అక్కడి ఫ్లోరైడునకు మూలము ఆ నేలలోని గ్రానైటు శిల. రాతికి నోటీసు జారీచేయరాదు, రాయి హైకోర్టుకు పోయి స్టే తెచ్చుకొనదు. కావున అందరును రాతిని నిర్భయముగా నిందింపగలిగిరి. నాగపూరులోని నీరీ సంస్థవారు పటికయు సున్నమును కలిపి ఆ విషమును తగ్గించు పద్ధతి నొకదానిని కనిపెట్టి, దానికి ‘నల్లగొండ పద్ధతి’ యని నామకరణము చేయగా, ఆ జిల్లా పేరు లోకమంతట శాస్త్రగ్రంథముల కెక్కినది. పేరు ప్రపంచ మంతటికి వెళ్లినను వంగిన వెన్నులు మాత్రము అక్కడనే యున్నవి.

రెండవ చిక్కు నీటిపరీక్ష. త్రాగునీటికి ఐఎస్ 10500 అను భారతీయ ప్రమాణము గలదు. దానిని శ్రద్ధగా చదివినచో మన నిపుణుల లోకజ్ఞత బోధపడును. లీటరు నీటిలో కరిగియుండు లవణాదులు 500 మిల్లీగ్రాములకు మించరాదని ఒక గడిలో వ్రాసి, ప్రక్కగడిలో, వేరు నీటి ఆధారము లేనిచోట 2000 వరకు సహింపవచ్చునని వ్రాసిరి. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము. వేరు ఆధారము లేనివానికి 1.5. అనగా లవణముల లెక్కన దిక్కుగలవాని మూత్రపిండములకంటె దిక్కులేనివానివి నాలుగింతలు దృఢమైనవి. దారిద్ర్యము దేహమునకు ఇంత బలమిచ్చునని చరకుడుగాని సుశ్రుతుడుగాని గ్రహింపలేదు.

ఇక సర్పంచిగారి నీటిలోని విశేషము ఈ గడులలో దేనికిని లొంగునది కాదు. 2007లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్ తన సహచరులతో కూడి, పటాన్‌చెరులో ఔషధ పరిశ్రమల వ్యర్థజలమును శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రమునుండి, శుద్ధి యైన పిదప వెలికివచ్చు నీటిని పరీక్షించి, అందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని ప్రకటించెను. శుద్ధి యైన పిదప, అన్న మాటను పాఠకులు మరల నొకమారు చదువుకొన ప్రార్థన. 2009లో వెలువడిన మరియొక పరిశోధనలో పరిసర గ్రామముల బావులనుకూడ పరీక్షింపగా, ఆ మందే గాక, తుమ్ములకు వాడు సెటిరిజైనును, మనోవ్యాకులతకు వాడు సిటలోప్రామును కనబడెను. బావినీరు చెడిపోయెనే యని వ్యాకులపడువానికి ఆ బావిలోనే వ్యాకులతకు మందు లభించుట ఏ సంక్షేమరాజ్యమునందైనను గలదా? పైగా చీటీ అక్కరలేదు, రుసుము అక్కరలేదు, ఎంత కావలెనన్న అంత చేదుకొనవచ్చును. కాని ఐఎస్ 10500లో ఈ మందులకు గడి లేదు. గడిలేని పదార్థము నీటిలో ఉండజాలదు గనుక, పరీక్షాపత్రమున వానిని చూపుట అసాధ్యమని తేలినది.

మూడవది అంచనాలు. గ్రాంటు కోరువాడు సవివర ప్రాజెక్టు నివేదికను జతపరుపవలెను. ఆ నివేదికను వ్రాయుటకు కన్సల్టెంటు కావలెను. కన్సల్టెంటునకు ఫీజు కావలెను. ఫీజు చెల్లించుటకు గ్రాంటు కావలెను. గ్రాంటునకు నివేదిక కావలెను. బీజవృక్షన్యాయమును మన తార్కికులు వృథాగా చర్చించుచు వచ్చిరి గాని, ఆ చర్చ యొక్క అసలు నివాసము సచివాలయము. ఈ చక్రమును ఎవడేని భేదించి లోనికి పోయెననుకొందము. మన దక్కను పీఠభూమి రాతినేల. నీరు ఇసుకలో వలె సమముగా పరచుకొనక, రాతిపగుళ్లలో దాగి, తనకు తోచిన త్రోవను మెల్లగా ప్రాకుచుండును. దానిని తోడి, శుద్ధిచేసి, మరల దింపి, మరల తోడి చూచుట ఏండ్ల తరబడి పని. గ్రాంటు సొమ్ము మాత్రము సాధారణముగా మార్చి నెల కడపటి దినములలో విడుదలయగును. 31వ తేదీలోగా ఖర్చుచేసి, వినియోగ ధ్రువపత్రము పంపనిచో వెనుకకు మరలిపోవును. కావున పగుళ్లలోని జలము ఆర్థిక సంవత్సరమును గౌరవించి, ఆ వారములోనే తేటపడుట అభిలషణీయము. పనికి ముందొకటి, పని ముగిసిన పిదప నొకటి చొప్పున స్థల నిర్దేశములతో ఛాయాచిత్రములు జతపరుపవలెనన్న నిబంధన చూచి సర్పంచి, “పాతాళంలకు దిగి ఫోటో ఎవ్వరు దీస్తరు సార్?” అనెను. నా దగ్గర సమాధానము లేకపోయెను.

ఈ యాచన యెందులకు, చెరిపినవానిచేతనే ఖర్చు పెట్టింపరాదా యని న్యాయశాస్త్రము చదివిన మా మేనల్లుడు నడుమ కలుగజేసికొనెను. వానికి బిఛ్డీ కథ చెప్పితిని. రాజస్థానమున ఉదయపూరు చెంత బిఛ్డీ యను గ్రామమున, హెచ్ ఆమ్లమును తయారుచేసిన పరిశ్రమల మూలమున బావుల నీరు ముదురువన్నె తిరిగి చెడిపోగా, చెరిపినవాడే చెల్లింపవలెనని సుప్రీంకోర్టు 1996 ఫిబ్రవరిలో మహోదాత్తమైన తీర్పు చెప్పినది. శుద్ధికి అగు వ్యయము 37.385 కోట్ల రూపాయలని లెక్క తేలినది. పిదప ఆ పరిశ్రమవారు మధ్యంతర దరఖాస్తులమీద మధ్యంతర దరఖాస్తులు పెట్టుచు పోయిరి. 2011 జులైలో అదే న్యాయస్థానము, తీర్పు వెలువడి 15 ఏండ్లయినను అమలు కాలేదని గుర్తించి, 12 శాతము చక్రవడ్డీతోను, ఖర్చుల క్రింద మరి 10 లక్షలతోను చెల్లింపుడని మరల ఆజ్ఞాపింపవలసి వచ్చెను. దరఖాస్తు వ్రాయు విద్యలోకూడ చెరుపువారిదే పైచేయి యని దీనివలన తెలియుచున్నది. మేనల్లుడు అంతట కాఫీ తెచ్చెదనని లోనికి పోయెను.

సర్పంచి చాలసేపు తలవంచుకొని కూర్చుండి, తుదకు, “సార్, మొదటి కాయిదం ముచ్చట చెప్తిరి గద, నాలుగు నెల్లు ఎవ్వరు మాట్లాడకుంటే మంజూరైనట్టేనని. అయితే నీళ్లు బాగుచేస్తమని ఎందుకు రాయాలె? మనం గూడ నీళ్లల్ల ఏదో ఇడుస్తమనే రాద్దాం” అనెను.

నేను ఆయనకు మనసారా నమస్కరించితిని. చట్టమునందు ప్రవాహమన్న మాటకు భూగర్భజలములును చేరునని 2వ సెక్షనులోనే యున్నది. కనుక అభ్యంతరమునకు తావులేదు. పంచాయతీని పరిశ్రమగా చూపి, అనుమతి కోరు ఫారమునే నింపితిమి. విడుచు స్థలము: గ్రామపు బోర్లు. విడుచు ద్రవము: వడకట్టిన వాననీరు. రంగు: లేదు. వాసన: లేదు. రుచి: మంచినీటి రుచి. నాలుగు మాసముల నిశ్శబ్దమునకై పంచాంగమున గురుతు పెట్టుకొని కూర్చుంటిమి.

వారము తిరుగకమునుపే తాఖీదు వచ్చెను. అందిట్లున్నది: “మీరు విడువదలచిన ద్రవము యొక్క గుణములకును, దానిని స్వీకరింపవలసిన భూగర్భజలముల ప్రస్తుత గుణములకును పొంతన కుదరకున్నది. ఇట్టి ద్రవము మీ అధీనమునకు ఎట్లు వచ్చెనో ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.”