టెండరులో దక్కిన సొంతగడ్డ

2015 మార్చిలో మయామీ యూనివర్సిటీ ఐస్ హాకీ జట్టుకు అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ ఎన్నో మర్యాదలు చేసింది. (ఇది ఫ్లోరిడాలోని మయామీ కాదు, ఒహాయో రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లోది.) సీజనంతా గెలుచుకుంటూ వచ్చినందుకు టాప్ సీడ్ ఇచ్చింది. టాప్ సీడ్ గనక కాగితం మీద ‘హోమ్’ జట్టు హోదా ఇచ్చి, తెల్ల జెర్సీలు తొడుక్కోమంది. ఆట ఆగినప్పుడు అవతలి కోచ్ ఎవరిని దించాడో చూసుకున్నాకే తన వాళ్లను దించుకునే హక్కు కూడా హోమ్ జట్టుదే. హాకీ కోచ్‌లు దీన్ని చిన్న సౌకర్యం అనుకోరు. ఇన్నీ ఇచ్చి, ఇంతకీ మ్యాచ్ ఎక్కడ పెట్టారయ్యా అంటే, రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో. ప్రత్యర్థి ఎవరయ్యా అంటే, ప్రావిడెన్స్ కాలేజీ.

అంటే తెల్ల జెర్సీ వేసుకున్న హోమ్ జట్టు విమానమెక్కి వచ్చింది, ‘అతిథి’ జట్టు సొంత ఊళ్లో నిద్ర లేచి మ్యాచ్‌కి వచ్చింది. స్టాండ్స్‌లో జనం ఎవరి పేరు అరిచి ఉంటారో చెప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు. నిర్వాహకులను అడిగితే సమాధానం సిద్ధంగా ఉంటుంది: ఆతిథ్యమిచ్చింది అదే ఊళ్లోని బ్రౌన్ యూనివర్సిటీ కదా, ప్రావిడెన్స్ కాలేజీ కాదు కదా, కాబట్టి ఇది తటస్థ వేదికే!

చిట్టచివరి బెర్తు పట్టుకుని టోర్నీలోకి వచ్చిన ప్రావిడెన్స్ ఆ మ్యాచ్ 7–5తో గెలిచింది. అదే రింక్‌లో డెన్వర్ యూనివర్సిటీని 4–1తో ఓడించింది. ఆపైన బోస్టన్ వెళ్లి, ఫైనల్లో ఆ ఊరి జట్టయిన బోస్టన్ యూనివర్సిటీని 4–3తో పడగొట్టి తొలిసారి జాతీయ విజేత అయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మన సామెతను వాళ్లు తెలియకుండానే తు.చ. తప్పకుండా పాటించారు. ఆ కుర్రాళ్ల ఆటను నేను ఇసుమంతైనా తక్కువ చేయను. నా గొడవల్లా మయామీ గురించి. ముందు ఇంట గెలవాలంటే అసలు ఇల్లంటూ ఒకటి ఉండాలి గదా!

ఈ టోర్నీ సంగతి తెలియని వాళ్లకు రెండు ముక్కలు. పురుషుల కాలేజీ హాకీలో 2003 నుంచి 16 జట్లు ఆడుతున్నాయి. నాలుగు ఊళ్లు, ఊరికి నాలుగు జట్లు, వాటికి ఒకటి నుంచి నాలుగు దాకా సీడ్లు. ఓడితే ఇంటికే. ప్రతి ఊరి నుంచి ఒక విజేత ‘ఫ్రోజెన్ ఫోర్’ అనే సెమీస్‌కు వెళ్తుంది. ఎవరు ఎన్నో స్థానమన్నది తేల్చడానికి ఏళ్ల తరబడి పెయిర్‌వైజ్ అనే లెక్క వాడారు. ఎవరు ఎవరిని ఓడించారు, ఆ ఓడినవాళ్లు ఎవరిని ఓడించారు అంటూ దశాంశాల్లోకి దిగిపోయే లెక్క అది. అభిమానులు జనవరి నుంచే దాన్ని జాతకచక్రంలా ముందేసుకుని కూర్చునేవారు.

ఇంత శాస్త్రీయంగా ర్యాంకులు తేల్చాక ఒకే ఒక్క చిన్న నిబంధన ఉంది. ఏ కాలేజీ అయితే ఫలానా ఊరి పోటీకి ఆతిథ్యం ఇస్తానని ముందే టెండరు వేసి దక్కించుకుందో, ఆ కాలేజీ గనక టోర్నీకి అర్హత సాధిస్తే దాన్ని ఆ ఊరికే పంపాలి. ఎన్నో సీడైనా సరే. ఎంసెట్ ర్యాంకులన్నీ పక్కాగా ప్రకటించి, కౌన్సెలింగ్ రోజున మాత్రం హాల్లో కుర్చీలు వేయించినవాడి కొడుకును ముందు పిలిచినట్టు.

ఆ టెండర్లైనా ఎప్పుడు ఖరారవుతాయనుకున్నారు? 2023 నుంచి 2026 దాకా పోటీలు జరిగే ఊళ్లను 2020 అక్టోబర్లోనే ప్రకటించేశారు. 2025లో పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌లో పెన్ స్టేట్ యూనివర్సిటీ ఆతిథ్యమని అప్పుడే రాసి పెట్టారు. ఆ పోటీలో ఆడాల్సిన కుర్రాళ్లలో చాలామంది అప్పటికింకా బళ్లో చదువుకుంటున్నారు. ఇక 2025 వచ్చింది. మెయిన్ రాష్ట్ర యూనివర్సిటీ 2004 తర్వాత మళ్లీ తొలిసారి తన లీగ్ అయిన హాకీ ఈస్ట్ ట్రోఫీ గెలిచి, టాప్ సీడ్‌గా టోర్నీలోకి వచ్చింది. దాని బహుమానం: సొంతూరు ఒరోనో నుంచి 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఆలెన్‌టౌన్ చేరడం, అక్కడ నాలుగో సీడ్ పెన్ స్టేట్‌తో వాళ్ల రాష్ట్రంలో, వాళ్లే ఆతిథ్యమిస్తున్న చోట తలపడటం. పెన్ స్టేట్ 5–1తో గెలిచింది. తర్వాత కనెటికట్‌ను ఓవర్‌టైమ్‌లో ఓడించి తొలిసారి ఫ్రోజెన్ ఫోర్‌కు వెళ్లింది. అక్టోబర్ నుంచి మార్చి దాకా ఐసు మీద చెమటోడ్చి మెయిన్ సంపాదించిన దానికన్నా, నాలుగున్నరేళ్ల కిందట ఎవరో అధికారి పెట్టిన సంతకం బరువైనదని తేలింది.

విస్కాన్సిన్ యూనివర్సిటీ ముచ్చట దీనికి తాత. 2008 టోర్నీకి ముందు ఆ జట్టు 15 గెలిచి, 16 ఓడి, 7 డ్రా చేసుకుంది. గెలిచిన వాటికన్నా ఓడినవే ఎక్కువ. అయినా లెక్కల్లో ఎలాగో అర్హత సాధించింది, సరే. ఆ ఏడాది ప్రాంతీయ పోటీ మాడిసన్‌లోని కోల్ సెంటర్‌లో. అది విస్కాన్సిన్ వాళ్ల సొంత రింక్! ఊరు కాదు, రాష్ట్రం కాదు, హోమ్ మ్యాచ్‌లు ఆడే ఐసు. డెన్వర్ తనకన్నా పై సీడై ఉండీ అక్కడికొచ్చి 6–2తో చిత్తయింది. చివరికి నార్త్ డకోటా ఓవర్‌టైమ్‌లో 3–2తో గెలిచి విస్కాన్సిన్‌ను ఆపింది గానీ, లేకపోతే ఓటములే ఎక్కువున్న జట్టు సొంత హాలు దాటకుండానే సెమీస్‌కు చేరిపోయేది.

దీన్ని సమర్థించేవాళ్ల వాదన మొదటిది టిక్కెట్లు. ఆతిథ్య జట్టు ఆడకపోతే జనం రారట. మార్చి నెలాఖరులో, నాలుగైదు రోజుల ముందు మ్యాచ్ ఎక్కడో తెలిస్తే, విద్యార్థులు మరో రాష్ట్రానికి ఎలా పోతారు? నిజమే, ఈ పోటీల్లో ఖాళీ కుర్చీలు టీవీలో కనబడటం ఏటా ఉండే గోలే. కానీ ఇది వాదన కాదు, నేరాంగీకారం. జనం ఎటూ రాని ఊళ్లో పోటీ పెట్టడం దేనికి, పెట్టాక ఆ కుర్చీలు నింపడానికి ఒక జట్టుకు తాయిలం ఇవ్వడం దేనికి?

రెండో వాదన ఇంకా బాగుంటుంది: నిజమైన మంచి జట్టు ఎక్కడైనా గెలుస్తుందట. దీనికి వాళ్లు డెన్వర్‌ను చూపిస్తారు. 2024లో టాప్ సీడ్ డెన్వర్‌ను రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా తోలుకెళ్లి మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, ఆతిథ్య జట్టయిన నాలుగో సీడ్ యూమాస్ (మసాచుసెట్స్ యూనివర్సిటీ) ముందు నిలబెట్టారు. డెన్వర్ రెండో ఓవర్‌టైమ్‌లో 2–1తో బతికి బట్టకట్టింది, ఆ ఏడాది టైటిలూ గెలిచింది. చూశారా, ఏమీ తేడా పడలేదు అంటారు. ఒక్క గోలు అటూ ఇటూ అయితే ఏం మాట్లాడేవారో! పోనీ, వాళ్ల మాటే నిజమనుకుందాం. సొంతగడ్డ వల్ల ఒరిగేదేమీ లేకపోతే ఆతిథ్య జట్టును మరో ఊరికి పంపడానికి ఎందుకంత మొహమాటం? ఒరిగేది ఉంటే దాన్ని నాలుగో సీడ్‌కు ఎందుకు పెడుతున్నారు? ఈ రెండు ప్రశ్నల మధ్య నిలబడటానికి కావాల్సిన తటస్థత మాత్రం వాళ్ల దగ్గర పుష్కలంగా ఉంది.

మనకేమో దీన్ని చూసి నవ్వే అర్హత అంతంత మాత్రమే. 2023 ఐపీఎల్‌లో పట్టికలో మొదటి స్థానం గుజరాత్‌ది, రెండోది చెన్నైది. తొలి క్వాలిఫయర్ ఎక్కడ? చెపాక్‌లో. అగ్రస్థానం బహుమతిగా గుజరాత్ చెన్నై వెళ్లి, పసుపు సముద్రంలో 15 పరుగులతో ఓడింది. ఫైనల్ అహ్మదాబాద్‌లో జరిగింది, అక్కడ చెన్నై గెలిచింది. ఐపీఎల్‌లో ఓడినవాడికి ఇంకో మ్యాచైనా ఉంది, మెయిన్‌కు అదీ లేదు.

అసలు వింత ఏమిటంటే ఈ న్యాయం ఎలా చేయాలో ఎన్‌సీఏఏకు తెలియక కాదు. పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నీ ప్రధాన రౌండ్లలో ఏ జట్టునూ దాని సొంత కోర్టుకు పంపరు. అక్కడ ఆతిథ్యమిచ్చిన కాలేజీ మరో ఊరికి ప్రయాణం కట్టాల్సిందే. మహిళల హాకీలో దానికి పూర్తి వ్యతిరేకం: టాప్ నాలుగు సీడ్లు తమ క్యాంపస్‌లోనే క్వార్టర్ ఫైనల్స్ ఆడతాయి, ఆ హక్కు ర్యాంకుతో వస్తుంది. ఒకటి సొంతగడ్డ ఎవరికీ వద్దంటుంది, ఇంకొకటి గెలిచినవాళ్లకే అంటుంది. రెండూ న్యాయమే. పురుషుల హాకీకి మాత్రం మూడో న్యాయం: టెండరు వేసినవాడికి.

పురుషుల టోర్నీలోనూ 1992కు ముందు తొలి రౌండ్లు కాలేజీ రింకుల్లోనే జరిగేవి. ఇప్పుడు మళ్లీ క్యాంపస్‌లకు తెద్దామంటే చిన్న రింకులు, టీవీ ఏర్పాట్లు అంటూ నసుగుతారు. ఒరోనోలో మెయిన్ రింక్ చిన్నదే. అయినా ఆ శుక్రవారం మ్యాచ్ అక్కడ పెట్టి ఉంటే ఒక్క కుర్చీ కూడా ఖాళీగా ఉండేది కాదని నేను పందెం కాస్తాను. కనీసం మొదటి రౌండ్ అయినా పై సీడ్ల సొంత రింకుల్లో పెట్టాలి. అది కుదరదంటే ఆతిథ్య జట్టును మరో ఊరికి పంపాలి. ఇందుకు కమిటీలు వేయనక్కర్లేదు, కొత్త నిబంధనలు రాయనక్కర్లేదు. తమ మహిళల హాకీ పుస్తకంలోనో, బాస్కెట్‌బాల్ పుస్తకంలోనో ఉన్న పేజీని కాపీ కొట్టుకుంటే చాలు.