సముద్రం ఎదురుగా ఉప్పు కొనేవాడు

తిరువొత్తియూరులో ఎన్నూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డు దాటితే సముద్రం. రోడ్డుకి ఇవతల మేడమీద అద్దెకుండే సారు మాత్రం సముద్రం కావాలంటే కొళత్తూరు వెళ్తాడు. అక్కడి కలర్ చేపల అంగళ్లలో బకెట్టుడు ఉప్పు కొని, ఇంటికి తెచ్చి, ఆర్వో నీళ్లలో లీటరుకి 35 గ్రాముల లెక్కన కలుపుతాడు. ఎదురుగా ఉన్నవి ఉప్పునీళ్లే కదా అంటే, చంటిబిడ్డకి మురుగునీళ్లు పట్టమన్నట్టు చూస్తాడు. ఆ చూపులో న్యాయం లేకపోలేదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వెలిశాక ఎన్నూరు క్రీకులో చమురు తెట్టు కట్టడం చూసినవాడెవడూ ఆ నీళ్లు ఇంటికి తెచ్చుకోడు.

ఇంట్లో చేపలు పెంచే ఈ బాపతు మనుషులు పుట్టుకతోనే ఇలా ఉండరు. మొదట గోల్డ్‌ఫిష్. తర్వాత వాస్తుకి మంచిదని ఎవరో చెప్పగా ఫ్లవర్‌హార్న్. జబ్బు ముదిరాక ఉప్పునీళ్లు. ఉప్పునీళ్లలోనూ మన సారు మనసు పడింది కోరల్ బ్యూటీ మీద. డ్వార్ఫ్ ఏంజెల్ జాతి. ఊదారంగు ఒళ్లు, పక్కల నారింజ చారలు. ఎంత పెరిగినా 10 సెంటీమీటర్లు. తిరగడానికి మాత్రం 250 లీటర్ల తొట్టి, నక్కడానికి గుహల్లాంటి రాళ్లు, గీరుకు తినడానికి ఆ రాళ్ల మీద నాచు కావాలి. హాల్లోంచి సోఫా వెళ్లిపోయింది.

తొట్టి వచ్చింది గానీ చేప రాలేదు. రాళ్లలో బాక్టీరియా కుదురుకుని అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగడానికి నెలా నెలన్నర పడుతుంది. అన్నాళ్లూ ఇంటిల్లిపాదీ రాళ్లు చూస్తూ భోంచేశారు.

“ఏమండీ, చేపెప్పుడొస్తుంది?”

“నైట్రైట్ ఇంకా దిగలేదే!”

తన షుగరు చూపించుకోవడానికి ఏడాదిగా తీరిక దొరకని మనిషి, పొద్దున్నే గాజుగొట్టంలో చుక్కలు లెక్కపెట్టి వేసి, రంగు మారిందా లేదా అని కిటికీ దగ్గర నిలబడతాడు. త్యాగయ్య ఈ ఊరి త్రిపురసుందరి మీద అయిదు కీర్తనలు పాడాడు. మన సారు పాట ఒకటే: 1.025. అది నీటి సాంద్రత. నీళ్లు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఆ అంకె పైకి పాకుతుంది. అందుకని రోజూ మంచినీళ్లే పోసి దాన్ని కిందికి దింపాలి. ఊరెళ్లినా ఫోన్లో మొదట అడిగేది నీళ్లు పోశారా అనే. పిల్లవాడి జ్వరం సంగతి తర్వాత.

చలిదేశాలవాళ్లు తొట్టికి హీటరు పెట్టుకుంటారట. మే నెల చెన్నైలో ఆ మాటంటే తొట్టే నవ్వుతుంది. ఇక్కడ కావలసింది చిల్లరు. అది నీళ్లని 26 డిగ్రీల దగ్గర నిలబెట్టి, లాగేసిన వేడినంతా హాల్లోకి ఊదుతుంది. చేప చల్లగా ఉంటుంది, అత్తగారు విసనకర్ర పట్టుకుంటారు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద మొదటి హక్కు తొట్టి మోటారుది, మిగిలితే ఫ్యాను.

కాశిమేడు నుంచి చేపల గంప తెచ్చే అమ్మాయి ఒకసారి చేప ధర విని గుమ్మంలోనే కూలబడింది. “ఏం సారూ, ఈ డబ్బుతో రెండాదివారాలు వంజరం తినొచ్చు గదా! దీన్ని పులుసు పెడితే ఎందరికొస్తుంది?”

సారు ఆమెని క్షమించాడు. క్షమించి, ఈ చేపలన్నీ మొదట ఆడవేననీ, గుంపులో పెద్దది మగదవుతుందనీ అత్తగారి ఎదుటే వివరించాడు. ఆవిడ లేచి దేవుడి గదిలోకి వెళ్లిపోయారు.

ఇన్ని సేవలందుకునే ఆ ఏంజెల్ ఏం చేసింది? నాచు వదిలేసి, పక్కనే పెంచుతున్న ఖరీదైన కోరల్‌ని కొరికింది. పిల్లవాడు గ్లాసు పగలగొడితే గంట ఉపన్యాసమిచ్చే మనిషి, “దాని నైజం అంతే, పాపం” అన్నాడు.

ఇంటికి చుట్టాలొస్తే అది రాయి వెనక్కి దూరుతుంది. సారు టార్చి వేస్తాడు. “అదిగో, అక్కడ, తోక!” చుట్టాలు ఒంగుతారు, అద్దానికి ముక్కులు ఆనిస్తారు. రాయే కనిపిస్తుంది. ఎప్పుడూ వచ్చేవాళ్లకి పద్ధతి తెలుసు కాబట్టి వెంటనే “ఆహా, ఎంత బావుందండీ!” అనేస్తారు. ఆ మాటయ్యాకే లోపల్నుంచి కాఫీ వస్తుంది.