బీరుకు పింటు, రక్తానికి కాటా

బ్రిటన్‌లో రక్తదానం మాటెత్తితే పెద్ద వయసువాళ్లకు టోనీ హాన్‌కాక్ గుర్తొస్తాడు. 1961లో బీబీసీ ప్రసారం చేసిన ‘ది బ్లడ్ డోనర్’ అనే హాస్య నాటికలో ఆయన మహా దర్జాగా రక్తమివ్వడానికి వెళ్తాడు. పరీక్ష కోసం తీసిన చుక్కతోనే దానం అయిపోయిందనుకుంటాడు. అసలు తీయాల్సింది పింటు అని డాక్టరు చెప్పేసరికి పై ప్రాణాలు పైనే పోతాయి.

పాపం, అంత బెంబేలు అక్కర్లేదు. బ్రిటిష్ పింటు 568 మిల్లీలీటర్లు. అక్కడ దాత నుంచి ఇప్పుడు తీసేది సుమారు 470. అంటే 98 మిల్లీలీటర్లు తరుగు. పబ్బులో బీరుకి ఇంత తరుగొస్తే ఊరుకునే తెల్లదొర ఉంటాడా? చట్టమూ బీరు పక్షమే. దేశమంతా మెట్రిక్ కొలతలొచ్చినా, పీపాలోంచి పట్టిచ్చే బీరు మాత్రం పింటు లెక్కనే అమ్మాలి. రక్తానికి అలాంటి పూచీ లేదు.

అమెరికా పింటు 473. ఆ లెక్కన బ్రిటిష్ దాత ఇస్తున్నది ఇంచుమించు అమెరికా పింటు. మరి అమెరికావాళ్లో? దాదాపు 500 తీసి, దాన్నీ పింటనే అంటారు. ఎనిమిదిసార్లు ఇచ్చినవాడు ‘గ్యాలన్ దాత’. చొక్కాకు పెట్టుకోవడానికి పిన్నిచ్చే బ్లడ్ బ్యాంకులూ ఉన్నాయి. ఎనిమిది అయిదువందలు 4 లీటర్లు. వాళ్ల గ్యాలనేమో 3.785. పిన్ను కోసం రెండొందల పైచిలుకు కొసరు పోశాడన్నమాట. కూరగాయల బండి దగ్గర మనకెవరూ ఇంత కొసరివ్వరు.

మనకు పింటు గొడవ లేదు, బాటిల్ ఉంది. గాజు సీసాలు పోయి ప్లాస్టిక్ సంచులొచ్చి దశాబ్దాలైనా, ‘రెండు బాటిళ్లు ఎక్కించారు’ అనే అంటాం. ఆ బాటిల్ ఎంతన్నది దాత బరువును బట్టి ఉంటుంది: 45 కిలోలుంటే 350 మిల్లీలీటర్లు, 55 దాటితే 450. ఆస్పత్రి బయట కూర్చున్న బంధువుల లెక్కలో రెండూ ఒకటే.

ఇంతా చేసి, తీసేటప్పుడు కొలిచేది మిల్లీలీటర్లు కాదు, బరువు. సంచిని అటూ ఇటూ ఊపే యంత్రంలోనే కాటా ఉంటుంది. మిల్లీలీటరు రక్తం సుమారు 1.05 గ్రాములు కాబట్టి, పెద్ద సంచిలో పడేది అరకిలోకి కాస్త తక్కువ.

హిమోగ్లోబిన్‌ది మరో కథ. మన దగ్గర డెసిలీటరుకు ఇన్ని గ్రాములంటారు, బ్రిటన్‌లో లీటరుకు. ఇక్కడ ఆడా మగా ఎవరికైనా 12.5 ఉంటే చాలు. అక్కడ ఆడవాళ్లకు 125, మగవాళ్లకు 135 ఉండాలి. హైదరాబాద్‌లో 13తో నిక్షేపంగా రక్తమిచ్చి వచ్చిన అబ్బాయి లండన్ వెళ్లి 130 చూపించినా, వెనక్కి పంపించేస్తారు.