వేరు మా ఇంట్లో, కాయ పక్కింట్లో

కృష్ణ నీళ్లు పోతిరెడ్డిపాడు దగ్గర మలుపు తిరిగి, బానకచర్ల మీదుగా మా వెలుగోడు జలాశయానికి వచ్చి కాసేపు నడుం వాలుస్తాయి. మళ్లీ లేచి బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు దాటుకుంటూ చెన్నై దారి పడతాయి. దాదాపు 17 టీఎంసీలు పట్టే జలాశయం పక్కన కాపురం ఉంటూ నాలుగు టమాట మొక్కలు బతికించలేనా అనుకున్నాను. అదే నా మొదటి తప్పు.

2023 జులైలో టమాట కిలో వంద దాటింది. ఆ ధర విని మా ఆవిడ ఖాళీ సంచితో ఇంటికి వచ్చింది. నాకు రోషం వచ్చింది. ఎనిమిది పెయింటు బకెట్లు తెచ్చి, చేను నుంచి నల్లరేగడి మట్టి ఆటోలో వేయించి, నారు పెట్టాను. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు, మధ్యలో ప్రేమ పొంగినప్పుడల్లా ఇంకో చెంబు. పది రోజులకు ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. ఎండకేమో అనుకుని ఇంకో చెంబు పోశాను.

పక్కింటి అవ్వ గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏమి నాయనా, టమాట పెంచుతాండావా, వరి నాటినావా?"

"టమాటే అవ్వా. బకెట్లలో."

"అడుగున చిల్లేదీ?"

బకెట్ వంచి చూస్తే మురుగు కంపు. ప్రాజెక్టు ఊరివాణ్నయి ఉండి, తూము లేకుండా ఎనిమిది చెరువులు కట్టాను! రేగడి తడిస్తే నీళ్లు వదలదు, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. బకెట్‌కు అది ఒక్కటే చాలదు, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. మట్టిలో వేలు పెట్టి చూసి, తడి అంటుకుంటే చెంబు ముట్టుకోకూడదు. ఇదంతా అవ్వ గోడ మీద మోచేతులు ఆనించి చెప్పిన పాఠం.

రెండో విడత నారు బతికింది. కానీ పిందెలు పడేసరికి బజారులో ధర నేలకు దిగింది. గిరాకీ లేక పత్తికొండ దిక్కు రైతులు టమాటాలు రోడ్డు పక్కన పారబోయడం ఉమ్మడి కర్నూలు జిల్లావాళ్లకు కొత్త కాదు. నల్లమల కోతులు తిన్నవి పోను నాకు 11 కాయలు దక్కాయి. మా ఆవిడ బకెట్లు, ఆటో, ఎరువు కలిపి లెక్కేసింది. 1,540 రూపాయలు.

"కాయ 140 పడింది. పులుసులో వెయ్యాల్నా, బీరువాలో పెట్టాల్నా?"

ఈలోగా అవ్వ ఇచ్చిన సొర విత్తనాలు సామాన్లు తోమే చోట పక్కన గుచ్చి మరిచిపోయాను. మరిచిపోయినందుకే కాబోలు, తీగ ఏపుగా పాకింది. తెల్లని పూలు విరగబూశాయి, పిందె మాత్రం లేదు.

"అవన్నీ మగపూలు నాయనా. ఆడపూవుకు కింద బొటనవేలంత కాయ ఉంటాది, చూసుకో."

వారం తర్వాత రెండు ఆడపూలు కనబడ్డాయి. సొరపూలు పొద్దు వాలాక విచ్చుకుంటాయి కాబట్టి, రోజూ దీపాలు పెట్టే వేళకు మగపూవు ఒకటి తెంచి, రేకులు తీసి, ఆడపూవుకు పుప్పొడి అద్దేవాణ్ని. వీధిలో పోయేవాళ్లకు పెళ్లిళ్ల పేరయ్యలా కనబడి ఉంటాను. ఆ రెండు పిందెలూ నాలుగు రోజుల్లో రాలిపోయాయి. అన్ని సంబంధాలూ కుదరవు కదా.

ఓ మధ్యాహ్నం అవ్వ గిన్నె తెచ్చింది.

"సొరకాయ పప్పు నాయనా. మీ తీగ కాయే. లేతగా ఉండె."

గోడెక్కి చూశాను. నా తీగ అవతలికి దిగి, నీడపట్టున మూడు కాయలు కాసి హాయిగా వేలాడుతోంది. నీళ్లు నావి, కాపు అవ్వది. కోపం రాబోయి ఆగిపోయింది. ఒకప్పుడు మద్రాసు దాహానికి మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు ఇస్తామని ఒప్పుకుంటే, ఆ నీళ్లను దారిలో దాచి సాగనంపుతున్న ఊరు మాది. ఒక తీగ గోడ దాటిందని తగువు పెట్టుకుంటే ఊరి పరువేం కావాలి?

గిన్నె ఉత్తగా తిరిగి ఇవ్వకూడదు కదా. కడిగి, అందులో మిగిలిన ఒక్క టమాటా వేసి ఇచ్చాను. అది 140 రూపాయల కాయని మాత్రం అవ్వకు చెప్పలేదు.