బ్రేకులు నిలవని బావ

మా బావ కారుకు బ్రేకులు నిలవవు. కొత్త ప్యాడ్లు వేయించిన మూణ్ణెల్లకే కీచుమంటాయి, డిస్కులు లేత్ మీద సాపు చేయించినా మళ్లీ స్టీరింగు వణుకుతుంది. దీనికి బావ చూపే కారణాలకు కరువు లేదు. నకిలీ ప్యాడ్లు, పని రాని మెకానిక్కులు, అడ్డమొచ్చే లారీలు, ఆఖరికి మన నీళ్లు. నీళ్లేం చేశాయి బావా అంటే, "ఫ్లోరైడు బామ్మర్దీ! బొక్కలనే తింటది, ఇనుమునిడుస్తదా?" అన్నాడు. పాత నల్లగొండ జిల్లావాళ్లం, ఫ్లోరైడు మీద ఎవరే నింద వేసినా కాదనలేం. ఆయన నెపం పెట్టనిది తన కుడికాలి మీద ఒక్కటే.

చౌటుప్పల్ దాటి 65వ నంబరు హైవే ఎక్కితే ఆ కాలి సంగతి తెలుస్తుంది. నాలుగు లైన్ల హైవే మీద కార్లు గంటకు 100 కిలోమీటర్లు దాటొద్దని కేంద్రం 2018లో హద్దు పెట్టింది. బావ లెక్కలో అది మొదలుపెట్టే వేగం. ముందున్న లారీ వెనక రాసిన 'హారన్' అక్షరాల్లో రంగు ఎక్కడ పెచ్చులూడిందో కనిపించాకే బ్రేకు తొక్కుతాడు. వేగం రెట్టింపైతే బండి ఆపడానికి బ్రేకులు మింగాల్సిన వేడి నాలుగింతలు. సంక్రాంతికి బెజవాడ బండ్లన్నీ కదిలిన రోజు, అంత వేడీ మింగిన డిస్కులతో పంతంగి టోల్‌గేటు వరుసలో చేరి, పెడల్ మీద కాలు బిగించి కూర్చుంటాడు. కాగిన ప్యాడు డిస్కును ఒక్కచోటే పట్టుకుని మచ్చ వేస్తుంది. ఆ తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా వణుకే. ఇంటికి రాగానే ఆ డిస్కుల మీదే పైపుతో చల్లటి నీళ్లు కొట్టిస్తాడు. "బండిని నా అంత మంచిగ చూసుకునేటోడు లేడు" అని పైగా.

అక్క కూర్చునే వైపు రబ్బరు మ్యాటుకు కుడికాలు ఆనేచోట బొక్క పడింది. అక్కడ బ్రేకు లేదని ఆమెకు తెలుసు. అయినా తొక్కుతూనే ఉంటుంది.

ఒకసారి షెడ్డులో మెకానిక్ బ్రేక్ ఆయిల్ తీసి చూపించాడు. లేత పసుపుగా ఉండాల్సింది కషాయంలా ఉంది. "సారూ, ఇది గాలిల తేమ గుంజుతది. కొత్త డాట్ 4 ఆయిలైతే 230 డిగ్రీల దాంక మరగది. తేమ పట్టినంక 155కే మరుగుతది. పైపులల్ల ఆవిరి నిండినంక మీరెంత తొక్కినా ఆవిరే నలుగుతది గని బండి ఆగది. రెండేండ్లకోసారన్న మార్పియ్యాలె." బావ చెవులు రిక్కించి విన్నాడు. విని, "అది సరే గని తమ్మీ, ప్యాడ్లు ఏ కంపెనీయి ఏస్తవ్?" అన్నాడు.

అయినా అర్ధరాత్రి ఎవరికి గుండె పట్టేసినా మా వాడకట్టు మొదటి ఫోను బావకే. 108కి చేసినవాళ్లు కూడా ఆయన చెవిన ఒక మాట వేసి ఉంచుతారు. మొన్నామధ్య నొప్పులు పడుతున్న పక్కింటి పిల్లను హైదరాబాద్ తీసుకెళ్లాడు. దారి పొడుగునా బండి అరవై దాటలేదట, కుదుపన్నదే తెలియలేదట. ఆ పిల్ల తల్లి చెప్పింది. ఇంత నెమ్మది ఎక్కడ దాచావు బావా అంటే ముఖం చిట్లించాడు. "ఏం లేదు, డీజిల్ తక్కువుండె."

పోయినేడు మేనకోడలికి ఉద్యోగమొచ్చి కారు తను పుచ్చుకుంది. ఆ పిల్ల లారీ దూరంగా కనపడగానే యాక్సిలరేటర్ మీది కాలు తీసేస్తుంది, బండి దానంతటదే నిదానిస్తుంది. ఏడాదైనా ప్యాడ్లు అవే, వణుకు లేదు. బావ చక్రాల సందుల్లోంచి డిస్కులు తొంగిచూసి, మెకానిక్ భుజం తట్టాడు. "సూసినవా బామ్మర్దీ, గిప్పుడు కుదిరినయ్ బ్రేకులు. ఇన్నొద్దులకు తమ్మికి పని పట్టువడ్డది." తర్వాత బిడ్డ వైపు తిరిగి, "తాళాలియ్యి. రేపటి సంది నేనే తీస్త" అన్నాడు.

ఆ మాట చెవిన పడగానే మెకానిక్ ఫోను తీసి, ప్యాడ్లు రెండు సెట్లు పంపమని దుకాణానికి చెప్పాడు.