కీ ఇవ్వని పొద్దు

నాది కీ ఇస్తే నడిచే బతుకు. హెచ్‌ఎంటీ జనతా అంటారు నన్ను. తెల్లటి ముఖం, నల్లటి అంకెలు, లోపల 17 జ్యువెల్స్. బ్యాటరీ గీటరీ ఏమీ లేదు. పొద్దున ఒకసారి కీ తిప్పితే మర్నాడు ఆ వేళ దాటేదాకా ఢోకా లేదు. సెకనుకు 5 టిక్కుల చొప్పున రోజుకు 4,32,000 సార్లు కొట్టుకుంటాను. ఆ లెక్క నాకు తప్ప ఎవరికీ పట్టదు.

1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మా వాళ్లు వాచీలు చేయడం మొదలుపెట్టారు. నేను మా సార్ చేతికి వచ్చింది 1989లో, ఆయన పెళ్లికి. అప్పటికే టైటాన్ వాళ్ల క్వార్ట్జ్ వాచీలు బజార్లో తళతళలాడుతున్నాయి. పెళ్లికొడుకు కన్ను కూడా వాటిమీదే ఉందని నాకు తర్వాత తెలిసింది. కానీ భువనగిరి మామగారు పాతకాలం మనిషి. "బ్యాటరీ ఎప్పుడు అయిపోతదో ఎవనికెర్క? దీనికి నువ్వు కీ ఇస్తే చాలు, అదే నడుస్తది" అని నన్నే కొన్నాడు. అల్లుడికి ఆ రోజు ఇష్టమైనా కాకపోయినా, కీ ఇవ్వడం మాత్రం ఆయన మెడకు పడింది.

సార్ ఇల్లు హరిబౌలిలో, అక్కన్న మాదన్న గుడికి దగ్గర. ఆఫీసు నాంపల్లి దిక్కు. సర్కారు ఆఫీసు పదిన్నరకు. పది నిముషాలు ఓర్చుకుంటారు, ఆ తర్వాత హాజరు పట్టీలో ఎర్ర సిరా. మూడు లేట్లు పడితే ఒక సీఎల్, అంటే క్యాజువల్ లీవ్, కట్. కొత్తగా చేరిన రోజుల్లో ఒక నెలలోనే ఆయనకు రెండు సీఎల్‌లు అలా ఎగిరిపోయాయట. ఆ దెబ్బకు నా ముల్లును పది నిముషాలు ముందుకు తిప్పిపెట్టాడు. నేను నిజం చెప్పడం అప్పటినుంచి మానేశాను. తమాషా ఏమిటంటే, పది నిముషాలు ఎక్కువ చూపిస్తున్నానని ఆయనకూ తెలుసు. చూసిన ప్రతిసారీ లోపల్లోపల పది తీసేసుకునేవాడు. అయినా వెనక్కి తిప్పడానికి ధైర్యం చాలలేదు. ముప్పై ఏళ్లకు పైగా మా ఇద్దరి మధ్య ఈ దొంగ లెక్క నడిచింది.

ఆఫీసుకు పోయే దారి పొడుగునా మా పెద్దలే. గడప దాటి కాస్త ముందుకు రాగానే శాలిబండలో 1904 నాటి రాయ్‌రాయన్ గడియారం. దాని నాలుగు ముఖాల్లో ఒక్కోదాని మీద ఒక్కో లిపి అంకెలు. ఒక ముఖం తెలుగులో టైము చెబుతుంది, అది మా సార్‌కు గొప్ప గర్వం. ఆ తర్వాత చార్మినార్ మీద 1889లో బిగించిన గడియారాలు. లాడ్ బజార్ వైపు తల తిప్పితే 1892లో ఆస్మాన్ జా కట్టించిన మహబూబ్ చౌక్ గడియారం. నయాపూల్ మీద మూసీ దాటి అఫ్జల్‌గంజ్ దాకా పోతే, అక్కడినుంచి 1935 నాటి మొజంజాహీ మార్కెట్ గడియారం. బస్సు కిటికీలోంచి ఆయన ఒక్కో గడియారాన్నీ చూసి నావైపు చూసేవాడు. ఇవన్నీ ఒకే టైము చూపించిన రోజు నాకు జ్ఞాపకం లేదు. మదీనా దగ్గర బస్సు ఇరుక్కుంటే ఆయన నాడి నా వెనకమూతకు కొట్టుకునేది. నా టిక్కుల కన్నా అదే వేగంగా ఉండేది.

పొద్దున్నే వరుసగా చేసే పనుల్లో నేనూ ఒకదాన్ని. అయిదున్నరకు గడ్డం. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ పెట్టి, కీ బిగుసుకునే దాకా తిప్పడం. గల్లీ చివర ఇస్త్రీ అతని దగ్గర చొక్కా తేవడం. ఆదివారం జుట్టుకు రంగు, చిన్న గిన్నెలో కలిపి పాత టూత్‌బ్రష్‌తో. ఓసారి నన్ను తీయడం మరిచి వేసుకుంటే పట్టీ మీద నల్లటి మరక పడింది. పట్టీ మార్చాక గానీ పోలేదు. ఆయన వయసు ఆఫీసులో అందరికీ తెలుసు, సర్వీసు పుస్తకంలో రాసే ఉంది. మరి రంగు ఎవరి కోసం వేసుకున్నట్టు? ఇవాళ్టికీ నాకు అంతుపట్టదు.

డ్యూటీలు వేరే. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే, ఒక్క రోజులో గడప గడపా తిరగాలి. 2018 డిసెంబర్‌లో అసెంబ్లీ ఎన్నికలకు ముందురోజు రాత్రి బడిలో బెంచీ మీద పడక, తెల్లారకముందే మాక్ పోల్. ఆ రాత్రి నిద్ర పట్టక గంటకోసారి అగ్గిపుల్ల గీసి నన్ను చూశాడు.

ఇక రిటైర్మెంట్ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ఎన్‌టీ రామారావు ప్రభుత్వం ఉద్యోగ విరమణ వయసును 58 నుంచి 55కు దించిందనీ, ఒక్క నెలలో వేలమంది ఇంటిబాట పట్టారనీ ఆఫీసులో పెద్దవాళ్లు కథలుగా చెప్పుకునేవారు. మా సార్‌కు దానికి తలకిందులుగా జరిగింది. 2021 మార్చి 31న ఆయనకు 58 నిండుతాయి. శాలువా కొన్నారు, పూలదండకు చెప్పారు. భువనగిరినుంచి బామ్మర్ది వస్తానన్నాడు. మార్చి 22న తెలంగాణ అసెంబ్లీలో ప్రకటన వచ్చింది, విరమణ వయసు 61కి పెంచారని. ఆఫీసులో ఒకరినొకరు కావలించుకున్నారు. మా సార్ కూడా నవ్వాడు, మిఠాయి పంచాడు. మూడేళ్ల జీతం అంటే మాటలా? కొడుకు పెళ్లి అప్పు ఇంకా మిగిలే ఉంది. కానీ రాత్రి నన్ను తీసి మంచం పక్కన పెడుతూ, "ఇంక మూడేండ్లు పది నిముషాలు ముందే బతకాలె" అన్నాడు. ఆయన భార్యకు, అంటే మా అమ్మకు, వినపడలేదు. నాకు వినిపించింది.

2024 మార్చి 31న నిజంగానే దిగిపోయాడు. మూడేళ్లు బీరువాలో మడతపెట్టి ఉన్న శాలువానే కప్పారు. బహుమతి ఏమిచ్చారనుకున్నారు? గోడ గడియారం. ఇక టైము చూడాల్సిన పని లేదని ఇంటికి పంపుతున్న మనిషికి గడియారం చేతిలో పెట్టడం ఎవరి బుర్రలో పుట్టిన ఆనవాయితీయో! ఇంటికి రాగానే చెప్పులు విడవకముందే ఆయన నా కీ బయటికి లాగి ముల్లును పది నిముషాలు వెనక్కి తిప్పాడు. నాకు కళ్లు తిరిగినంత పనైంది.

తర్వాతి రోజుల్లో ఒక్కొక్కటే రాలిపోవడం చూశాను. గడ్డం వారానికి రెండుసార్లయింది. రంగు గిన్నె కుండీలకు నీళ్లు పోయడానికి పోయింది. ఇస్త్రీ అతను రెండుమూడు వారాలు చూసి, "సాబ్ నారాజ్ అయిండ్రా?" అని ఇంటికే వచ్చి అడిగాడు. తన కొడుకు వయసున్న అధికారికి లేచి నిలబడి నమస్కారం పెట్టడం పోయింది. ఫోన్ మోగితే చేతిలో ముద్ద వదిలేసి పరుగెత్తడం పోయింది. పెళ్లిళ్లకు ముహూర్తానికే చేరుకుని కవరు చేతిలో పెట్టి రావడం కూడా తగ్గించాడు. దగ్గరివాళ్లయితే పోతాడు, మిగతావాళ్లకు ఫోన్లోనే దీవెన. మొదట్లో, "చుట్టాలు ఏమనుకుంటరో" అని భయపడ్డాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. అసలు రాలేదని ఎవరూ గమనించనేలేదు. అది తెలిసినప్పుడు కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా.

నన్ను అడిగితే ఆయనకు పని బరువు కాలేదు. ఇప్పటికీ పొద్దున లేచి వాకిలి ఊడ్చి, మోటారు వేసి, పేపరు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుతాడు. బరువల్లా "ఎందుకు లేటయింది?" అని అడిగే మనిషి ఒకడు ఎక్కడో కూచుని ఉండటమే. ఆ మనిషి పోయాక కూడా కొన్ని నెలలపాటు ఆయన పదిన్నరకు ఒకసారి ఉలిక్కిపడేవాడు.

అన్నీ పోలేదు లెండి. బతికే ఉన్నానని ఏటేటా రుజువు చూపాలి, లేకపోతే పింఛను ఆగుతుంది. ఫోన్లో ముఖం చూపిస్తే సరిపోతుందట. రంగు లేని జుట్టుతో, మాసిన గడ్డంతో ఫోన్ ముందు కూచుని, "ఇది నేనేనని నమ్ముతదంటవా?" అని అమ్మను అడిగాడు.

అమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ ఎన్నడూ వాచీ పెట్టుకోలేదు. ఆవిడ టైమంతా నల్లా మీద, కుక్కర్ విజిల్ మీద. సార్‌కు సర్కారు ఇచ్చినట్టు ఆవిడకు విరమణ కాగితం ఎవరిస్తారు? టిఫిన్ డబ్బా కట్టే పని తప్పిందని సంతోషించేలోపే మధ్యాహ్నం వేడి అన్నం, నాలుగింటికి చాయ్, వచ్చిపోయే దోస్తులకు మళ్లీ చాయ్. రెండు నెలలు ఓర్చుకుంది. ఒక సాయంత్రం కత్తిపీట ముందు నుంచి లేచి, "ఇగో, మీరు దిగిపోయిండ్రు. నేనూ దిగిపోతున్న. రాత్రి పూట వంట నాది కాదు" అంది. సార్ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆ రాత్రి ఉప్మా ఆయనే చేశాడు, ఉప్పు మరిచాడు. ఆ ఎండాకాలం మామిడికాయ తొక్కు కూడా బంద్. భువనగిరికి, సిద్దిపేటకు, కొడుకింటికి ఏటా జాడీలు జాడీలు పంపిన మనిషి, "దుకాణంల మంచిగనే దొరుకుతుంది" అని కిలో సీసా తెప్పించుకుంది. ఆవిడ ముఖంలో ఆ రోజు కనిపించిన తేట సార్ ముఖంలో రిటైర్మెంట్ నాడు కూడా నేను చూడలేదు.

నాకూ సెలవే. ఒకరోజు కీ ఇవ్వడం మరిచాడు, మర్నాడూ మరిచాడు. లోపలి స్ప్రింగు వదులై హాయిగా పడుకున్నాను. ఈలోగా గచ్చిబౌలిలో పనిచేసే కొడుకు స్మార్ట్‌వాచ్ తెచ్చి చేతికి కట్టాడు. అడుగులు లెక్కపెడుతుంది, గుండె చూస్తుంది, కాసేపు కూచుంటే మణికట్టు మీద గజగజ వణికి లేచి నడవమంటుంది. వారం భరించాడు. "పాత ఆఫీసరే నయం, ఆదివారమన్న ఊకుండేటోడు" అని దాన్ని తీసి డ్రాయర్లో నా పక్కన పడేశాడు. రెండు రోజులు అక్కడ కూడా వణికింది. తర్వాత చార్జింగ్ అయిపోయి చచ్చూరుకుంది. మామగారి మాట గుర్తొచ్చింది నాకు.

మొన్న పొద్దున సార్ నన్ను జేబులో వేసుకుని, అమ్మతో కలిసి చార్మినార్ మీదుగా నడిచి, పత్తర్‌గట్టి కమానుల కింద వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన కంటికి అద్దం బిగించి నా వెనకమూత విప్పాడు. "ఏం ఖరాబ్ కాలేదు సాబ్. తేల్ గట్టిగయింది. పండుకోబెట్టిండ్రు కదా" అన్నాడు. కడిగి, సూదిమొనతో నూనె చుక్కలు పెట్టి, కీ ఇచ్చాడు. "మీరెప్పుడు రిటైరైతరు?" అని సార్ అడిగితే, "పింఛన్ ఎవరిస్తరు సాబ్?" అని నవ్వాడు. డెబ్బై దాటినాయన. చేయి మాత్రం వణకలేదు. చెప్పిన దానికన్నా సార్ యాభై ఎక్కువిచ్చాడు. పెద్దాయన తీసుకోలేదు.

అక్కడినుంచి సాలార్‌జంగ్ మ్యూజియానికి. అన్నేళ్లు నయాపూల్ మీదుగా పోయాడు గానీ పగలు పన్నెండింటికి ఆ గడియారం ముందు కూచునే భాగ్యం ఎప్పుడూ కలగలేదు. బెంచీలన్నీ నిండాయి, అందరి చేతుల్లో ఫోన్లు పైకి లేచాయి. కుక్ అండ్ కెల్వీ వాళ్ల గడియారమది. ఒక మూల బొమ్మ కమ్మరి సెకను సెకనుకూ సుత్తె కొడుతూనే ఉంటాడు. తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ బయటికొచ్చి పన్నెండు గంటలు కొట్టి లోపలికి పోయాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ సరిగ్గా పన్నెండే చూపిస్తున్నాను. "ఆ సుత్తెటాయనకు లంచ్ లేదా?" అంది అమ్మ.

బయటికి రాగానే కొడుకు ఫోన్. "నాన్నా, ఒంట్లో బాగనే ఉందా? మీ అడుగులు జీరో చూపిస్తుంది."

"జీరో ఏందిరా, ఇంటికాడినుంచి నడిచే వచ్చినం. అది డ్రాయర్ల ఉంది."

"పెట్టుకోవాలె గద నాన్నా. రోజుకు ఎనిమిది వేలన్నా..."

అమ్మ ఫోన్ గుంజుకుంది. "బిడ్డా, మేము మీరాలంమండికి పోతున్నం. రాత్రి వంట మీ నాయనది, కూరగాయలు ఆయనే ఏరుకోవాలె. ఇప్పుడు లెక్కలు అడగకు" అని కట్ చేసింది.