మనం ఎవరి పక్షం అల్లుడుగారూ?

షార్లెట్‌లో నలుగురు చేరినచోట ఆటల ప్రసక్తి వచ్చిందంటే ప్రతివాడూ ముందు తన పాత ఊరి పేరు చెబుతాడు. మా ఎదురింటాయన పిట్స్‌బర్గ్ వదిలి ఏళ్లయింది, కారు వెనకాల మాత్రం ఇప్పటికీ స్టీలర్స్ స్టిక్కరే. పక్కింటావిడకి బఫలో బిల్స్ ఓడిన ఆదివారం వంట చెయ్యబుద్ధి కాదు. ఇక మేం తెలుగువాళ్లం. హైదరాబాద్‌లో రాత్రి ఏడున్నరకి సన్‌రైజర్స్ మ్యాచ్ మొదలైతే ఇక్కడ పొద్దున పది గంటలు. సరిగ్గా అదే సమయానికి మా ఆఫీసు మీటింగుల్లో సగం మందికి కెమెరాలు పాడవుతాయి. నార్త్ కరోలినాలోని ఈ ఊరికి బ్యాంకుల్లో ఉద్యోగాలకని వచ్చి చేరినవాళ్లమే ఎక్కువ. సామానంతా తెచ్చుకున్నాం గానీ అభిమానాన్ని మాత్రం ఎక్కడివాళ్లం అక్కడే వదిలేసి వచ్చాం.

పోనీ, ఊరికి సొంత జట్లు లేవా అంటే, లేకేం? ఫుట్‌బాల్‌కి పాంథర్స్ ఉన్నారు. 2004లో ఒకసారి, 2016లో ఒకసారి సూపర్ బౌల్ దాకా వెళ్లి రెండుసార్లూ ఓడి వచ్చారు. బాస్కెట్‌బాల్ జట్టు హార్నెట్స్‌ది పెద్ద కథ. 1988లో పుట్టింది, 2002లో న్యూఆర్లీన్స్‌కి లేచిపోయింది. రెండేళ్లకి బాబ్‌క్యాట్స్ అని ఇంకో జట్టును తెచ్చుకున్నారు. 2014లో దానికే పాత పేరు తగిలించి, పోయినవాళ్లే తిరిగొచ్చారని ఊరంతా సంబరపడింది. మైకేల్ జోర్డన్ అంతటివాడు 2010 నుంచి 2023 దాకా యజమానిగా కూర్చున్నా ఒక్క టైటిలూ రాలేదు. ఇన్ని చూశాక ఈ ఊరివాడు ఏ జట్టునైనా ప్రేమించే ముందు కాస్త ఆగి, వీసా ఉందా, అద్దె అగ్రిమెంటు ఎన్నాళ్లు అని విచారిస్తాడు.

బేస్‌బాల్ సంగతి మరీ విచిత్రం. ఊళ్లో ఉన్న పాత చెక్క స్టేడియం 1985లో తగలబడిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకి జట్టు రాష్ట్రం సరిహద్దు దాటి సౌత్ కరోలినాలోని ఫోర్ట్ మిల్‌లో ఆడుకుంది. పేరేమో షార్లెట్ నైట్స్, కాపురం పొరుగు రాష్ట్రంలో. ఆఫీసు అయ్యాక ట్రాఫిక్‌లో హైవే ఎక్కి, ఇంకో రాష్ట్రానికి పోయి, ఓడిపోయే జట్టును చూసి రావడానికి ఎంత అభిమానం ఉండాలి? అంత లేదు కనుక జనం మానేశారు.

జట్టును ఊరి నడిమధ్యకి తేవాలన్న ఆలోచన కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగింది. షార్లెట్ స్థాయికి చిన్న లీగు ఏమిటి, పెద్ద లీగే రావాలి అంటూ ఒక లాయరుగారు కేసు మీద కేసు వేశారు. చివరికి 2014 ఏప్రిల్‌లో, బ్యాంకుల మేడల నీడలో, 5 కోట్ల 40 లక్షల డాలర్ల ఖర్చుతో, పదివేల పైచిలుకు సీట్లతో మైదానం వెలిసింది. కింద భూమి కౌంటీది. అద్దె ఏడాదికి ఒక డాలర్. ఆ చుట్టుపక్కలే సింగిల్ బెడ్‌రూమ్‌కి నెల నెలా అద్దె కట్టే మావాళ్లు ఈ వాక్యాన్ని రెండోసారి చదవకపోతే ఆరోగ్యానికి మంచిది.

ఆ మొదటి ఏడాది వచ్చిన జనం 6,87,715. అమెరికాలోని చిన్న లీగుల జట్లన్నిటిలోకీ అదే ఎక్కువ. ఆడింది అదే జట్టు. మారిందల్లా చోటు. ఆఫీసు లిఫ్టు దిగి రోడ్డు దాటితే గేటు. పొద్దుటి నుంచి బ్యాంకులో పనిచేసినవాళ్లం సాయంత్రం మళ్లీ బ్యాంకు పేరున్న మైదానంలోకే వెళతాం. మొదట్లో దాని పేరు బీబీ అండ్ టీ. ఆ బ్యాంకు ఇంకో బ్యాంకుతో కలిసి ట్రూయిస్ట్ అయ్యాక మైదానమూ 2020లో ట్రూయిస్ట్ ఫీల్డ్ అయిపోయింది. ఇక్కడ జట్టు ఓడినా గెలిచినా బోర్డు మారదు గానీ, బోర్డు మీటింగులో ఏమైనా జరిగితే మాత్రం రాత్రికి రాత్రే మారుతుంది.

తెనాలి నుంచి మా మామగారు వచ్చినప్పుడు ఊళ్లో వింతలు చూపించే వరుసలో ఇదీ చూపించాను. కుర్రతనంలో ఆయన ఎన్టీఆర్ అభిమాని. అవతలివాళ్ల ఏఎన్నార్ పోస్టర్ల మీద పేడ కొట్టి, పట్టుబడి, దెబ్బలు తిని కూడా పశ్చాత్తాపపడని తరం. సీట్లో సర్దుకుని కూర్చోగానే కార్యక్రమంలోకి దిగారు.

"మనం ఎవరి పక్షం అల్లుడుగారూ?"

"షార్లెట్ పక్షం మామయ్యగారూ."

"అవతల ఎవరు?"

"నార్ఫోక్ అండీ. వర్జీనియా."

"వాళ్లతో మనకేమిటి తగాదా?"

"తగాదా ఏమీ లేదండీ."

ఆయన నావైపు జాలిగా చూశారు. "తగాదా లేకుండా మ్యాచ్ ఎలా చూస్తారండీ?"

ఆ ప్రశ్నకి జవాబు చుట్టూ ఉన్న జనమే. మా ముందు వరసలో నలుగురు మైదానానికి వీపు పెట్టి, ఎవరికో ప్రమోషన్ ఎందుకు రాలేదో తేలుస్తున్నారు. పిల్లలందరూ హోమర్ అనే డ్రాగన్ వేషగాడి వెంట పడ్డారు. మా వాడూ అందులోనే ఉన్నాడు. మైదానం చుట్టూ తిరగడానికి విశాలమైన నడవా ఉంది. బీరు గ్లాసు చేతబట్టి జనం ప్రదక్షిణలు చేస్తున్నారు, గర్భగుడివైపు చూసేవాడు మాత్రం అరుదు. అప్పుడప్పుడూ ఠాప్ మని శబ్దం వస్తుంది, అందరూ లేచి చప్పట్లు కొడతారు, ఆ తర్వాత ఏమైందని పక్కవాణ్ని అడుగుతారు. కుడివైపు గోడ 315 అడుగుల దూరమే కాబట్టి హోమ్ రన్‌లకి కొదవ లేదు. బంతి వేసే పిచర్లు ఆ గోడను చూసే చూపు ఇంటి ఓనరును చూసే చూపులా ఉంటుంది.

మామగారికి పక్షం దొరకలేదు. కనీసం మనవాడైనా ఎవరో ఒకరు ఉండాలని పట్టుబట్టారు. టెక్సస్ రేంజర్స్‌కి కుమార్ రాకర్ అని ఒక పిచర్ ఉన్నాడనీ, 2024లో పెద్ద లీగులోకి వచ్చాడనీ, వాళ్లమ్మగారి తల్లిదండ్రులు మన దేశం నుంచి వెళ్లినవాళ్లనీ చెప్పాను. ఆయన నిటారుగా కూర్చున్నారు. "ఏ జిల్లా?" అన్నారు. అతనిది టెక్సస్ జట్టనీ, ఇక్కడికి రాడనీ చెబితే, ఇంత దూరం తీసుకొచ్చి చూపించేది ఇదా అన్నట్టు పల్లీల పొట్లం అందుకున్నారు.

పల్లీల దగ్గర మాత్రం ఆయనకి, అమెరికాకి సంధి కుదిరింది. వేయించిన కాయ, పెంకుతో సహా. వేలెడు పొడవు. బొటనవేలితో నొక్కి, చిట్లించి, గింజల్ని అరచేతిలో నలిపి, పొట్టు ఉఫ్ మని ఊది నోట్లో వేసుకున్నారు. "కాయ పెద్దదే. అనంతపురం కాయకున్న నూనె లేదు" అని తీర్పిచ్చారు. పెంకులు జేబురుమాల్లో మూటకడుతుంటే పక్క సీటు పెద్దాయన చూసి, తన కాళ్లకిందికి గుప్పెడు పెంకులు రాల్చి, అలా చెయ్యాలని సైగ చేశాడు. శుభ్రమైన దేశంలో పద్ధతిగా చెత్త వెయ్యడానికి అనుమతి దొరికిన సంతోషం మామగారి ముఖంలో చూడాలి. మూట విప్పి అంతా ఒకేసారి దులిపేశారు.

ఆ ఊపులో అసలు ప్రశ్న అడిగారు. "ఈ కుర్రాళ్లు బాగానే కొడుతున్నారు. మరి పెద్ద జట్టులో ఎందుకు లేరు?"

"బెంచి మీద ఉన్నారండీ" అన్నాను. ఆయనకి టక్కున అర్థమైంది. ఎందుకర్థం కాదు? ఆయన కూతుర్ని నాకిచ్చేనాటికి నేను కన్సల్టెన్సీ గెస్ట్‌హౌసులో బెంచి మీదే ఉన్నాను. నైట్స్ అంటే షికాగో వైట్ సాక్స్ వాళ్ల ట్రిపుల్-ఎ జట్టు, పెద్ద లీగుకి ఒక్క మెట్టు కింద. అక్కడ ఎవడికైనా చెయ్యి విరిగితే ఇక్కడ ఒకడికి ఫోనొస్తుంది. ఫోనొచ్చినవాడు ఆ రాత్రే సూట్‌కేసు సర్దుకోవాలి. రానివాడు రోజూ నెట్స్‌లో కొడుతూ, ఫోను సైలెంట్‌లో లేదు కదా అని చూసుకుంటూ ఉండాలి. 2023 ఒప్పందం ప్రకారం ట్రిపుల్-ఎ ఆటగాడికి ఏడాదికి కనీస జీతం 35,800 డాలర్లు. ఆ మెట్టెక్కితే అదే ఏడాది కనీసం 7,20,000. ఒక్క క్లయింటు కాల్‌తో ఇరవై రెట్లు! వసతి కూడా మా గెస్ట్‌హౌసు కథే. 2022లో జట్లే ఇళ్లు ఏర్పాటు చెయ్యాలన్న నియమం వచ్చేదాకా చిన్న లీగు కుర్రాళ్లు ఒక అపార్ట్‌మెంటులో ఐదారుగురు, గాలి పరుపులు పరుచుకుని పడుకునేవారు. వంటకి వంతులు వేసుకునేవారో లేదో గానీ, బెండకాయ కూర విషయంలో కొట్టుకునే అవకాశం మాత్రం వాళ్లకి లేదు.

ఈ బెంచి మీదనుంచే 2014లో మార్కస్ సీమియన్ వెళ్లాడు, 2019లో ఇక్కడ దంచి కొట్టిన లూయిస్ రాబర్ట్ ఆ మరుసటి ఏడాది వెళ్లాడు. జనం ఒకడి పేరు నేర్చుకునేలోగా వాడు మాయం. బాగా ఆడేవాడు పోతాడు, ఆడనివాడు మనకి మిగులుతాడు. అలా పోయినవాడు సుఖపడ్డాడా అంటే, 2024లో ఆ పెద్ద జట్టు 121 మ్యాచ్‌లు ఓడింది. ఆధునిక కాలంలో అంతగా ఎవరూ ఓడలేదు. ప్రాజెక్టు వచ్చిందని సంబరంగా వెళితే కంపెనీయే మునుగుతున్నట్టు. అయినా ఆ పడవ ఎక్కడానికే అందరి తపస్సూ. సాక్షాత్తూ మైకేల్ జోర్డన్ 1994లో బాస్కెట్‌బాల్ మానుకుని ఈ వైట్ సాక్స్ వాళ్ల దగ్గరే చేరాడు. ఇంకో మెట్టు కింద, బర్మింగ్‌హామ్‌లో ఆడి .202 సగటుతో ఆగిపోయాడు. ఆయన్ని కూడా బెంచి దాకా రానివ్వలేదని చెప్పాక మామగారికి నా మీద కాస్త గౌరవం పెరిగింది.

కొత్త ప్రయోగాలు కూడా ముందు ఈ బెంచి బ్యాచ్ మీదే. బంతి వెయ్యడానికి గడియారం పెట్టడం ముందు వీళ్లకి, ఆ తర్వాత పెద్దవాళ్లకి. 2023 నాటికి ట్రిపుల్-ఎ అంతటా బాల్, స్ట్రైకుల తీర్పుకి యంత్రాన్ని తెచ్చారు. అంపైర్ మాట నచ్చకపోతే ఆటగాడు తన తలమీద తట్టుకుంటాడు. వెంటనే పెద్ద తెరమీద బంతి వెళ్లిన దారి కనిపిస్తుంది, తప్పయితే తీర్పు తిరగబడుతుంది. బ్యాటర్ అలా తట్టుకోవడం, పదివేల మంది తెరవైపు తలతిప్పడం, అంపైర్ మాట మార్చుకోవడం మామగారు కళ్లార్పకుండా చూశారు. నలభై ఏళ్లు సర్కారు ఆఫీసుల్లో ఫైళ్లు మోసిన మనిషి. "మన దగ్గర అన్యాయం జరిగాక తల కొట్టుకుంటాం" అన్నారు. "వీళ్లకి తల కొట్టుకుంటే న్యాయం జరుగుతోంది."

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి ఒళ్లు విరుచుకుని పాట పాడారు. బేస్‌బాల్‌కి తీసుకెళ్లమని అడిగే ఆ పాట 1908 నాటిది. రాసిన జాక్ నార్వర్త్ అప్పటికి బేస్‌బాల్ మ్యాచ్ చూడనే లేదని ప్రతీతి. ఈ ఊరి అభిమానులకి ఇంతకన్నా తగిన వాగ్గేయకారుడు దొరకడు. మామగారు మాటలు రాకపోయినా చివరి పదం దగ్గర గొంతు కలిపి, పక్క పెద్దాయన భుజం మీద చెయ్యి వేశారు. పక్షం ఏదో తేలలేదు, స్కోరెంతో తెలీదు, పేడతో పనిపడలేదు. గేటు దగ్గర మాత్రం "రేపూ ఉందా?" అని అడిగారు. ఉంటుంది. మంగళవారం నుంచి ఆదివారం దాకా అదే నార్ఫోక్‌తో వరుసగా ఆరు మ్యాచ్‌లు.

షార్లెట్‌కి పెద్ద లీగు జట్టు రావాలని కలలుకనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొత్త జట్ల మాట లేచినప్పుడల్లా ఈ ఊరి పేరూ వినిపిస్తుంది. నా మటుకు నాకు వద్దు. పెద్ద జట్టు వస్తే టికెట్టు ధర కొండెక్కుతుంది, అట్లాంటా వాళ్లతో తగాదా పెట్టుకోవాలి, మా ఎదురింటాయనా నేనూ ఏదో ఒక పక్షం తేల్చుకోవాలి. అన్నిటికన్నా ఘోరం, అంత డబ్బు పోసి లోపలికి వెళ్లాక కూర్చుని ఆట చూడాల్సి వస్తుంది.